ఉపసంహారం రాని అస్త్రం

అమెరికాలో హెచ్1బి వీసా మీద ఉన్నవాడు తుపాకీ కొనుక్కోవడమే కాదు, చేత్తో పట్టుకోవడం కూడా ఫెడరల్ చట్టం దృష్టిలో నేరమే. ఎఫ్1 మీద చదువుకోవడానికి వచ్చిన పిల్లలకూ ఇదే నియమం. చిన్న వెసులుబాటు ఒకటుంది. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉంటే ఆ నిషేధం వర్తించదు. జింకల మీదికో అడవిపందుల మీదికో వెళ్ళే హక్కు సంపాదించుకున్నాకే మనిషికి తుపాకీ ముట్టుకునే యోగ్యత వస్తుందన్నమాట. ఈ సంగతి తెలియని కుర్రాళ్ళు శనివారం సాయంత్రం సరదాగా షూటింగ్ రేంజికి వెళ్ళి, అద్దె తుపాకీతో ఫోటో దిగి, ఫేస్‌బుక్‌లో పెట్టేస్తుంటారు. అద్దెకు తీసుకున్నా పట్టుకున్నట్టే లెక్క. వీసా స్టాంపింగు కోసం నెలల తరబడి పత్రాలు సర్దుకునేవాళ్ళు తమ మీద సాక్ష్యాన్ని తామే తయారుచేసి లోకానికి పంచిపెట్టడం చూస్తే నాకు నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది.

గ్రీన్ కార్డు చేతికొచ్చిన రోజున ఆ గీత చెరిగిపోతుంది. నేనుండేది డాలస్‌కు ఉత్తరాన, తెలుగు మాట వినిపించని వీధి అరుదైన చోట. ఇక్కడ కార్డు వచ్చిన కొత్తలో మనవాళ్ళ కబుర్లు ఒక క్రమంలో నడుస్తాయి. ముందు ఉద్యోగం మారడం గురించి, తర్వాత ఇండియాలో ఉన్న అమ్మానాన్నల గురించి, భోజనాలయ్యాక ఆడవాళ్ళు వినకుండా గొంతు కాస్త తగ్గించి, “ఇంట్లో ఒకటి ఉంచుకుంటే మంచిదంటారా?” అని. భయానికి కారణాలు లేకపోలేదు. మన ఇళ్ళలో బంగారం ఉంటుందన్న సంగతి ఇక్కడి దొంగలకూ తెలిసిపోయింది. పెట్రోలు బంకుల దగ్గరి దుకాణాల్లో అర్ధరాత్రి దాకా కౌంటరు వెనక నిలబడేవాళ్ళలో మనవాళ్ళున్నారు. 2017 ఫిబ్రవరిలో కన్సాస్ రాష్ట్రంలోని ఒలేథ్‌లో, సాయంత్రం ఆఫీసయ్యాక బార్‌లో కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజినీర్ల మీద ఒకడు “మా దేశం నుంచి పొండి” అని అరిచి కాల్పులు జరిపాడు. ఒకరు చనిపోయారు. ఆ వారమంతా మా ఇళ్ళలో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి.

ఇంతకీ మన బతుకుల్లో తుపాకీ ఎక్కడుండేది? సినిమాలో ఉండేది. 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చాక కృష్ణలాగా రివాల్వర్‌ను వేలి చుట్టూ తిప్పడం ఒక తరం మగపిల్లల జీవితాశయం. బ్యాంకు గుమ్మం దగ్గర స్టూలు మీద ఉండేది, పన్నెండు బోరు తుపాకీని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని కునికిపాట్లు పడే మాజీ సైనికుడి చేతుల్లో. మన్యంలో నాటు తుపాకీ ఉండేది. పల్లెలో ఒకరిద్దరు మోతుబరుల ఇళ్ళల్లో లైసెన్సు తుపాకీ ఉండేది. ఎన్నికల ప్రకటన రాగానే దాన్ని తీసుకెళ్ళి పోలీసు స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకోవడం ఆ ఇంటికి ఒక హోదా. తుపాకీ ఉందని ఊరికి తెలిసేది కూడా ఆ రోజే. తక్కిన మనందరికీ విజయదశమి నాడు పసుపు కుంకుమలు పెట్టడానికి ఇంట్లో దొరికే ఆయుధం స్కూటరే.

ఇండియాలో 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలంటే ఎందుకు కావాలో చెప్పుకోవాలి. పోలీసులు విచారించాలి. ఇచ్చే అధికారికి నచ్చాలి. 2016లో వచ్చిన నిబంధనలు ఇంకొకటి చేర్చాయి, దరఖాస్తుదారు ఆయుధ భద్రతలో శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ చూపాలని. ఆ శిక్షణ ఎక్కడెక్కడ ఎంత శ్రద్ధగా జరుగుతుందన్నది వేరే చర్చ. కనీసం కాగితం మీద ముందు శిక్షణ, తర్వాతే తుపాకీ.

టెక్సస్‌లో వరస తిరగబడుతుంది. దుకాణానికి వెళ్ళి, 4473 అనే ఫారం నింపి, డ్రైవింగ్ లైసెన్సు ఇస్తే, వాళ్ళు 1998 నుంచి నడుస్తున్న ఫెడరల్ తనిఖీ వ్యవస్థను సంప్రదిస్తారు. నేరచరిత్ర లాంటి అడ్డంకులేవీ లేకపోతే చాలాసార్లు హోటల్లో మసాలా దోసె చెప్పి తిని లేచేలోపు పని అయిపోతుంది. నేను వెళ్ళినప్పుడు కౌంటరు అవతలి అబ్బాయి చాలా మర్యాదగా అడిగాడు, చేతికి ఏది ఇమిడింది, తూటాల పెట్టెలు ఎన్ని కావాలి, హోల్‌స్టర్ నడుముకు ఏ పక్కన పెట్టుకుంటారు అని. మీకు కాల్చడం వచ్చా అని అడగలేదు. అతని తప్పేం లేదు, అడగాలని చట్టంలోనే లేదు.

బయటికి వెళ్ళేటప్పుడు నడుముకు పెట్టుకుని తిరగాలంటే ఒకప్పుడు లైసెన్సు కావలసివచ్చేది. 1995లో టెక్సస్ ఆ చట్టం చేసినప్పుడు శిక్షణ 10 గంటలకు తగ్గకూడదన్నారు. 2013లో దాన్ని 4 నుంచి 6 గంటలకు కుదించారు. 2021 సెప్టెంబరు 1 నుంచి, చట్టపరమైన అనర్హతలేవీ లేని 21 ఏళ్ళు నిండిన మనిషికి లైసెన్సే అక్కర్లేదు, శిక్షణా అక్కర్లేదు. ఈ అంకెల పక్కన ఇంకో అంకె పెట్టి చూడాలి. దారంతో కనుబొమ్మలు తీర్చే మన థ్రెడింగ్ ఉంది కదా, అది వృత్తిగా చేయాలంటే ఈ రాష్ట్రంలోనే 750 గంటల శిక్షణ ఉండాలని అధికారులు పట్టుబట్టారు. థ్రెడింగ్ చేసేవాళ్ళు కోర్టుకెక్కి, ఆ 750 గంటల్లో థ్రెడింగ్‌కు సంబంధించినది దాదాపు ఏమీ లేదని వాదించి, 2015లో టెక్సస్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి గెలిచారు. గెలవాల్సిందే. కానీ ఒక దారప్పోగు పట్టుకునేవాళ్ళ విషయంలో అంత పట్టుదల చూపిన రాష్ట్రం, తూటాలు నింపిన పిస్తోలు పట్టుకునేవాడి దగ్గరికి వచ్చేసరికి ఎందుకంత ఉదారంగా మారిందో నాకు ఇప్పటికీ కొరుకుడు పడలేదు.

ఈ చట్టాల వెనక ఉన్నవాళ్ళంతా తుపాకీ పిచ్చివాళ్ళని నేననను. 1991 అక్టోబరులో కిలీన్ పట్టణంలోని లూబీస్ అనే హోటల్లోకి ఒకడు ట్రక్కుతో అద్దాలు బద్దలుకొట్టుకుని దూసుకొచ్చి 23 మందిని చంపాడు. అక్కడ అమ్మానాన్నలతో భోజనానికి కూర్చున్న సుజానా హప్ అనే ఆమెకు పిస్తోలుంది. వెంట ఉంచుకోవడం అప్పటి చట్టం ప్రకారం నేరం కాబట్టి కారులో వదిలి వచ్చింది. ఆమె కళ్ళముందే తండ్రి నేలకొరిగాడు, తల్లి ఆయన పక్కనుంచి కదలకుండా ప్రాణం వదిలింది. ఆ తర్వాత ఆమె ఊరూరా తిరిగి సాక్ష్యం చెప్పింది, శాసనసభకు ఎన్నికైంది. 1995 చట్టం వెనక ఆమె గొంతు ఉంది. ఆ సాక్ష్యం విన్నాక, తుపాకీ వెంట ఉంచుకోవాలనుకునేవాళ్ళంతా మూర్ఖులని కొట్టిపారేయడం నా వల్ల కాదు. ఆత్మరక్షణకు అది ఏటా ఎన్నిసార్లు అక్కరకొస్తోందన్న లెక్కలు మాత్రం ఎవరికి కావలసినట్టు వాళ్ళకున్నాయి. 1995లో క్లెక్, గెర్ట్జ్ అనే ఇద్దరు పరిశోధకులు 25 లక్షలన్నారు. ప్రభుత్వం జరిపే బాధితుల సర్వే ప్రకారం అది లక్షకు అటూ ఇటూ. ఇంత తేడా ఉన్న లెక్కల మీద నిలబడి ఎవరైనా గట్టిగా అరుస్తుంటే నేను పక్క గదిలోకి వెళ్ళిపోతాను.

చట్టం అడక్కపోయినా లైసెన్సు క్లాసులో చేరాను. చెప్పింది ఒక రిటైర్డ్ పోలీసు అధికారి. పొట్ట, తెల్లమీసం, నెమ్మది మాట. తుపాకీ ఎలా కాల్చాలో చెబుతాడనుకుని వచ్చినవాళ్ళకు మధ్యాహ్నం దాకా దాని జాడే కనిపించలేదు. చెప్పిందంతా గొడవల్లోంచి ఎలా బయటపడాలన్నదే. రోడ్డు మీద ఎవడైనా హారన్ కొట్టి వేలు చూపిస్తే ఏం చేయాలి? పక్క రోడ్డు పట్టాలి. పార్కింగు దగ్గర మాటా మాటా పెరిగితే? తప్పు నాదేనని చెప్పి కారెక్కాలి. “నడుముకు తుపాకీ పెట్టుకున్న రోజు నుంచి ప్రతి వాదనలోనూ మీరు ఓడిపోవాలి,” అన్నాడు. పక్కన కూర్చున్న కుర్రాడి మొహం చూశాను. డబ్బులు వెనక్కిస్తారేమో కనుక్కుందామన్నట్టుంది.

భద్రతకు నాలుగు నియమాలున్నాయి. 1976లో ఆరిజోనాలో పిస్తోలు శిక్షణాలయం పెట్టిన జెఫ్ కూపర్ వాటిని ప్రచారం చేశాడు, ఇప్పుడు ప్రతి రేంజి గోడ మీదా కనిపిస్తాయి. ప్రతి తుపాకీలోనూ తూటా ఉన్నట్టే భావించాలి. నాశనం చేయదలచుకోనిదాని వైపు గొట్టం తిప్పకూడదు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. కొట్టేది ఏమిటో, దాని వెనక ఏముందో తెలిసి ఉండాలి. వినడానికి పసిపిల్లలకు చెప్పే మాటల్లా ఉంటాయి. రేంజికెళ్ళి చూస్తే పెద్దపెద్ద చదువులు చదివినవాళ్ళే, పక్కవాడు పిలిస్తే చేతిలో ఉన్నదానితో సహా అటు తిరుగుతారు.

కాల్చడం మొదలుపెట్టాక తెలిసేది మన చెయ్యి మన మాట వినదని. చెవులకు మఫ్‌లు పెట్టుకున్నా ఆ చప్పుడు ఛాతీకి తగులుతుంది. రెండు మూడు తూటాలయ్యేసరికి, రాబోయే చప్పుడుకు శరీరం ముందే బిగుసుకుని, ట్రిగ్గర్ నొక్కే క్షణంలోనే మణికట్టు కిందికి వంగుతుంది. కుడిచేతివాటం వాళ్ళ దెబ్బలన్నీ కిందికి, ఎడమకు గుంపుగా పడతాయి. నేను గట్టిగానే పట్టుకున్నానని మనం వాదిస్తాం. అప్పుడు శిక్షకుడు మన మ్యాగజైన్ తీసుకుని, మనకు తెలియకుండా అసలు తూటాల మధ్య ఒకటి రెండు ఉత్తుత్తి తూటాలు కలిపి ఇస్తాడు. పేలుతుందనుకుని నొక్కితే టిక్కుమంటుంది. పేలని పిస్తోలు మూతి ఉన్నట్టుండి నేలవైపు పల్టీ కొడుతుంది. పక్కన పదిమంది చూస్తుంటారు. ఇక వాదించడానికి ఏమీ ఉండదు. ఆ ఉలికిపాటు పోవడానికి మందు, ఖాళీ తుపాకీతో రోజూ గోడకేసి ట్రిగ్గర్ నొక్కుతూ కూర్చోవడమే, తూటాలు వేరే గదిలో పెట్టి. లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్, పారిస్ దాకా వెళ్ళిన ఈషా సింగ్ మన హైదరాబాదువాళ్ళే. ఆ స్థాయి షూటర్ల సాధనలో కూడా పెద్ద భాగం ఇలాంటి పేలని తుపాకీతోనే.

పరీక్ష కష్టమైనదేం కాదు. మనిషి ఆకారం ఉన్న కాయితం మీద మూడు గజాల నుంచి 20, ఏడు గజాల నుంచి 20, పదిహేను గజాల నుంచి 10, మొత్తం 50 తూటాలు. 250 మార్కులకు 175 వస్తే పాస్. ఆ రోజు మాతో ఉన్నవాళ్ళంతా పాసయ్యారు. కాయితం కదలదు, తిరిగి కాల్చదు, దాని వెనక ఎవరి పిల్లలూ ఉండరు. మన చేతులు వణకడానికి ఏ కారణమూ ఉండదు.

వణికినప్పుడు ఏమవుతుందో చెప్పే లెక్క ఒకటుంది. న్యూయార్క్ పోలీసుల కాల్పుల మీద రాండ్ సంస్థ 2008లో నివేదిక ఇచ్చింది. 1998 నుంచి 2006 వరకు, అవతలివాడు ఎదురు కాల్పులు జరిపిన సందర్భాల్లో పోలీసులు కాల్చిన తూటాల్లో లక్ష్యానికి తగిలినవి సగటున నూటికి 18. శిక్షణ పొంది, ఏటా పరీక్షలు ఇచ్చే, అదే ఉద్యోగంగా ఉన్నవాళ్ళ సంగతి ఇది. తగలని 82 ఎక్కడికో అక్కడికి వెళ్ళే ఉంటాయి. ఇక సమయం సంగతి. 1983లో సాల్ట్‌లేక్ సిటీ పోలీసు అధికారి డెనిస్ ట్యులర్ ఒక ప్రశ్న వేసుకున్నాడు, కత్తి పట్టుకుని పరిగెత్తుకొచ్చేవాడు 21 అడుగుల దూరం ఎంతసేపట్లో దాటతాడు అని. సుమారు ఒకటిన్నర సెకను. ఒరలోంచి పిస్తోలు తీసి కాల్చడానికి సాధన ఉన్నవాడికి పట్టే కాలమూ దాదాపు అంతే. మరి పడకగది అల్మరాలో, బట్టల కింద దాచుకున్నవాడికి?

కర్ణుడికి పరశురాముడిచ్చిన శాపాన్ని నేను చిన్నప్పుడు మరీ అన్యాయమనుకునేవాణ్ణి. విద్యంతా నేర్పి, అవసరమైన వేళకు అది గుర్తుకు రాకుండా పోవుగాక అనడమేమిటి? ఇప్పుడనిపిస్తుంది, ఆ శాపం కర్ణుడొక్కడిది కాదని. గుండె దడదడలాడి, చూపు ఇరుకై, వేళ్ళు మొద్దుబారిన ఘడియలో నేర్చినది గుర్తుకు రాకపోవడం మనుషులందరికీ పుట్టుకతో వచ్చిన శాపం. దానికి కాస్తో కూస్తో విరుగుడు విద్య నరాల్లోకి ఇంకేదాకా చేసే సాధనే. అది ఒక్క శనివారం క్లాసుతో వచ్చేది కాదు, వచ్చినా నిలిచేది కాదు. ఆర్నెల్లు రేంజికి పోకపోతే నా ఉలికిపాటు తిరిగి వచ్చేస్తుంది.

క్లాసులో చట్టం గురించి చెప్పినప్పుడు గదిలో అందరూ నిటారుగా కూర్చున్నారు. తన ఇంట్లోకి బలవంతంగా చొరబడినవాడి విషయంలో టెక్సస్ చట్టం ఇంటివాడి పక్షాన ఉంటుంది. రాత్రిపూట దొంగతనం చేసి పారిపోతున్నవాణ్ణి ఆపడానికి కూడా, కొన్ని షరతులకు లోబడి, ప్రాణం తీయగల బలం వాడనిస్తుంది. ఇంత దూరం పోయే రాష్ట్రాలు అరుదు. మన దేశంలో కొత్త భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఉన్న సెక్షన్లు, అంతకుముందు ఐపీసీలో 96 నుంచి 106, ఆత్మరక్షణ హక్కునిస్తాయి కానీ అవసరానికి మించి హాని చేయకూడదని కట్టడి పెడతాయి. టెక్సస్ వెసులుబాట్లన్నీ చదివి వినిపించాక మా శిక్షకుడు పుస్తకం మూసి, కారు స్టీరియో కోసం ఒక పందొమ్మిదేళ్ళవాణ్ణి చంపి ఆ ఇంట్లోనే బతకగలమనుకున్నవాళ్ళు చెయ్యెత్తండి అన్నాడు. ఎవరూ ఎత్తలేదు. అలాంటప్పుడు ఎవరూ ఎత్తరు. అర్ధరాత్రి ఒంటరిగా ఉన్నప్పుడు ఏం చేస్తారన్నదే ప్రశ్న.

1992 అక్టోబరులో లూసియానా రాష్ట్రంలోని బాటన్ రూజ్‌లో పదహారేళ్ళ జపాన్ విద్యార్థి ఒకడు హాలోవీన్ పార్టీకని బయల్దేరి, పొరపాటున వేరే ఇంటి గుమ్మం ముందు ఆగాడు. వేషం వేసుకుని ఉన్నాడు. ఇంటాయన రివాల్వర్ పట్టుకుని బయటికొచ్చి “ఫ్రీజ్” అని అరిచాడు. కదలొద్దని అర్థం. చదువుకోడానికి వచ్చి కొద్ది నెలలే అయిన ఆ పిల్లవాడికి అది తట్టలేదేమో, ముందుకే నడిచాడు. ఆయన కాల్చాడు. క్రిమినల్ కేసులో ఆయన నిర్దోషిగా బయటపడ్డాడు, సివిల్ దావాలో మాత్రం ఆరున్నర లక్షల డాలర్ల పైచిలుకు చెల్లించాలని తీర్పొచ్చింది. మన ఊళ్ళ నుంచి ఏటా వేలమంది పిల్లలు ఈ దేశంలో దిగుతున్నారు. అద్దె ఇళ్ళ అడ్రసులు వెతుక్కుంటూ, డెలివరీ సంచులు పట్టుకుని తెలియని గుమ్మాల ముందు నిలబడుతున్నారు. ఆ కథలో మనం ఇంటాయన పక్కన మాత్రమే కాదు, గుమ్మం ముందు కూడా ఉన్నాం. తుపాకీ కొనాలనుకునే తెలుగువాడు ఈ రెండో స్థానాన్ని మర్చిపోవడం నాకు వింతగా తోస్తుంది. తలుపు అవతల ఎవరున్నారో చూసేదాకా, లైటు వేసేదాకా, “ఎవరు?” అని అడిగేదాకా ఆగగలగడం కూడా నేర్చుకోవలసిన విద్యే, ట్రిగ్గర్ నొక్కడం కంటే ఎక్కువ సాధన కావలసిన విద్య.

తిక్కన సౌప్తిక పర్వం ఇక్కడే గుర్తొస్తుంది. అశ్వత్థామ అస్త్రం వేశాడు, దానికి ఎదురుగా అర్జునుడూ వేశాడు. రెండూ కలిస్తే లోకం నాశనమవుతుందని వ్యాసుడు, నారదుడు నడుమ నిలబడి వెనక్కు తీసుకోమన్నారు. అర్జునుడు తీసుకున్నాడు. అశ్వత్థామకు రాలేదు. పోనిమ్మని దాన్ని పాండవుల వంశం మీదికి, కడుపులో ఉన్న పసిగుడ్డు మీదికి మళ్ళించాడు. ద్రోణుడు ఆ విద్యను అర్జునుడికి ఇష్టంగా ఇచ్చాడు, కొడుక్కి మాత్రం అతని పోరు పడలేక, మనసొప్పకుండా ఇచ్చాడు. మనుషుల మీద వాడవద్దని చెప్పి మరీ ఇచ్చాడు. అడిగినవాడి యోగ్యత తండ్రికి ముందే తెలుసు. కౌంటరు అవతలి అబ్బాయికి ఆ వెసులుబాటు లేదు. కనుక అర్జునుడో అశ్వత్థామో ఎవరికివారే తేల్చుకోవాలి, అదీ డబ్బు కట్టకముందే. నాకు తెలిసిన శిక్షణ అంతా ఆ తేల్చుకోవడానికి పనికొచ్చేదే. గురి చూసి కొట్టడం అందులో ఒక పాఠం, అది మొదటి పాఠం కూడా కాదు.

దొంగ రాని రాత్రులు ఎన్ని ఉంటాయి! దాదాపు అన్నీ. ఆ రాత్రులన్నీ తుపాకీ ఇంట్లోనే, ఇంట్లోవాళ్ళ మధ్యే ఉంటుంది. అమెరికాలో 2021లో తుపాకీ వల్ల చనిపోయినవారు 48,830 మంది. అందులో 26,328 మంది తమ ప్రాణం తామే తీసుకున్నవాళ్ళు. హత్యల కంటే ఇదే ఎక్కువ. కొన్న మనిషి దొంగ కోసం కొంటాడు. అది ఉపయోగపడేది మాత్రం ఉద్యోగం పోయిన తండ్రికి, మార్కులు తగ్గిన కొడుక్కి, దిగులు ఎవరికీ చెప్పుకోలేని కోడలికి, ఏదో ఒక చీకటి గంటలో. ఆ గంట గడిస్తే చాలామంది బతికి బట్టకడతారు. గడవనిచ్చేది మధ్యలో ఉన్న తాళమే. ఇంట్లో ఎవరి మనసైనా బాగా లేదనిపిస్తే తాళం కూడా చాలదు, అసలు తుపాకీనే కొన్నాళ్ళు ఇల్లు దాటించాలి. ఇది మన పార్టీల్లో ఎవరూ మాట్లాడరు. బ్రాండ్లు మాట్లాడతారు, సేఫ్ గురించి అడిగితే నీళ్ళు నములుతారు. 2024లో జార్జియా రాష్ట్రంలో తెలుగు విద్యార్థి ఒకడు, తాను కొన్న వేట తుపాకీని శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయాడు. అలాంటి వార్త వచ్చిన రోజు “అయ్యో” అనుకుంటాం, మర్నాడు మళ్ళీ బ్రాండ్ల దగ్గరికి వస్తాం. అజ్ఞాతవాసానికి వెళ్ళేముందు పాండవులు ఆయుధాలను జమ్మిచెట్టెక్కించి, ఎవరూ దగ్గరికి రాకుండా శవాన్ని కూడా కట్టి వెళ్ళారు. ఏటా దసరాకి ఆ ఆకు చేతిలో పెట్టుకుని పెద్దల కాళ్ళకు మొక్కే జాతికి లాకర్ ఎందుకో వేరే చెప్పాలా?

దుకాణాలు నడిపే మనవాళ్ళ దగ్గర నేను నేర్చుకున్నది ఎక్కువ. చాలా చెయిన్ దుకాణాల్లో పనివాళ్ళకు చెప్పేది ఒకటే, అడిగింది ఇచ్చెయ్యండి, ఎదురు తిరగొద్దు అని. గల్లాలో కొద్దిపాటి డబ్బే ఉంచి, మిగతాది పనివాడు కూడా తెరవలేని డ్రాప్ సేఫ్‌లో వేస్తారు, ఆ సంగతి తలుపు మీద రాసి పెడతారు. కిటికీలకు అంటించిన బీరు పోస్టర్లు పీకేస్తారు, లోపల జరిగేది రోడ్డు మీదికి కనిపించాలని. ఇవన్నీ ఆత్మరక్షణే. సినిమాకు పనికిరావు, అంతే. సొంత దుకాణంవాళ్ళు కొందరు కౌంటరు కింద పిస్తోలు ఉంచుకుంటారు. వాళ్ళను తప్పుపట్టే అర్హత, ఏసీ గదిలో కూర్చుని కోడు రాసుకునే నాకు లేదు. పోలీసులు వచ్చేలోపు గడిచే నిమిషాలు ఆ కౌంటరు వెనకవాడివి, నావి కావు. నేనడిగేది ఒక్కటే, చివరిసారి ఎప్పుడు కాల్చి చూశావని. కొన్న కొత్తలో, అన్న జవాబే తరచుగా వస్తుంది.

ఫోర్ట్ వర్త్ వైపు దుకాణం పెట్టిన వరంగల్ మిత్రుడొకడు నన్ను పట్టుకున్నాడు. “అన్నా, ఏది కొంటే మంచిగుంటది? గ్లాకా, సిగ్గా?” అని. ఇలా అడిగేవాళ్ళకు, వీసా అడ్డం లేదని తెలుసుకున్నాక, నేను చెప్పేది ఒకటే. కొనడం తర్వాత, ముందు నాతో రేంజికి రా, అద్దెకు దొరుకుతుంది. అతను భార్యను కూడా తీసుకొచ్చాడు. మ్యాగజైన్ మొత్తం గబగబా ఖాళీ చేసి, కాయితం మీద చెల్లాచెదురుగా పడ్డ కన్నాలు చూసుకుని, “పర్వాలేదు కదన్నా” అన్నాడు. ఆమె చాలాసేపు పిస్తోలు ముట్టుకోలేదు. “అన్నయ్యా, పిల్లలు బడి నుంచి వచ్చేసరికి మేమిద్దరం షాపులోనే ఉంటం. తాళంచెవి ఎవరి దగ్గరుండాలె?” అని అడిగింది. అతని దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత ఆమె చెవులకు మఫ్‌లు సర్దుకుని, శిక్షకుడు చెప్పినట్టు నిలబడి, ఒక్కో తూటాకూ మధ్య ఊపిరి వదిలి కాల్చింది.

అతను మళ్ళీ రాలేదు. దుకాణంలో డ్రాప్ సేఫ్ పెట్టించాడు, పంపుల దగ్గర లైట్లు మార్పించాడు, తీరిక లేదంటున్నాడు. ఆమె మాత్రం వీలున్నప్పుడల్లా వస్తోంది, లైసెన్సు క్లాసు కూడా పూర్తిచేసింది. పదిహేను గజాల దగ్గర ఇప్పుడు ఆమె కాయితం నా కాయితం కంటే శుభ్రంగా ఉంటుంది. పిస్తోలు ఎప్పుడు కొంటున్నావమ్మా అని అడిగితే, “చూద్దాం అన్నయ్యా, ఇప్పుడేం తొందర,” అంటుంది.